ఎర్రమట్టి దిబ్బలపై డ్రోన్ ఎగరేసే ముందు

భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల కోతను మ్యాపు చేయాలంటే ముందు అనుమతులు. పక్కనే నేవీ స్థావరం ఐఎన్ఎస్ కళింగ ఉంది. రాతపూర్వక అనుమతి చేతికొచ్చాకే డ్రోన్ బయటకు తీయండి.

- ఉదయం, సాయంత్రం గెడ్డల్లో (వాగుల్లో) నీడ నిండి లోతు తప్పుగా వస్తుంది. పలచటి మబ్బున్న మధ్యాహ్నం మేలు.
- కోత ఎంతో తేల్చడానికి పోల్చే పాత ఫొటో, కొత్త ఫొటో ఏడాదిలో ఒకే కాలంలో తీసినవై ఉండాలి. వానలకు పెరిగిన పొదలు నేలే ఎత్తు పెరిగినట్టు చూపిస్తాయి. ఇక్కడే చాలా లెక్కలు చెడతాయి.
- జేసీబీ గాటును వాన కోతగా రాసేయొద్దు. అంచు మరీ తిన్నగా ఉంటే అనుమానించి, దగ్గరికెళ్లి చూడండి.
- రెండు ఫొటోలను జతచేయడానికి రోడ్డు కల్వర్టులాంటి కదలని గుర్తులే తీసుకోండి.
- జీఎస్ఐ (భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ) గుర్తించిన భూవారసత్వ స్థలమిది, గుర్తుల కోసం మేకులు దిగ్గొట్టొద్దు.
- గట్టు అంచున నిలబడొద్దు, కింద మట్టి జారిపోయి ఉండొచ్చు.