స్ట్రక్చర్డ్ వాటర్ గొట్టం బిగించే ముందు

కనిగిరిలో ముప్పై ఏళ్ళుగా బోరు మోటార్లు బాగుచేస్తున్నాను. మొన్న మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ముప్పై ఎనిమిది వేలంట. నీళ్ళని సుడి తిప్పి పంపిద్దంట, ఫ్లోరైడ్ టెన్షన్ ఉండదంట. వచ్చి బిగించు."

బిగించడం పది నిమిషాల పని. ముందు అమ్మే అబ్బాయిని ఒకటే అడిగాను: "ఫ్లోరైడ్ పోతే ఎటు పోద్ది బాబూ?" ఆర్వో ఫిల్టరుకైతే తీసేసిన ఉప్పులు పోడానికి వేస్టు పైపు ఉంటుంది. ఈ గొట్టానికి నీళ్ళొచ్చే దారొకటి, పోయే దారొకటి, అంతే. "తీసెయ్యదు సార్, నీటి నిర్మాణం మారుద్ది" అన్నాడు. నీటి అణువుల మధ్య బంధాలు సెకనులో లక్ష కోట్లో వంతు లెక్కన తెగుతూ కలుస్తూ ఉంటాయి. గొట్టంలో వచ్చిన ఆకారం వంటింటి కుళాయి దాకా ఏం నిలుస్తుంది?

తర్వాత కరెంటు కడ్డీల ఆట మొదలుపెట్టాడు. బోరు నీళ్ళలో పెడితే గోధుమరంగు తెట్టు కట్టింది, తను తెచ్చిన నీళ్ళు తేటగా ఉన్నాయి. మా చెల్లెలు భయపడింది. నేను ఆ తేట నీళ్ళలో చిటికెడు ఉప్పేసి మళ్ళీ పెట్టమన్నాను. అవీ బురదయ్యాయి! ఉప్పుంటే కరెంటు పారుతుంది, ఇనుప కడ్డీ కరిగి తుప్పు దిగుతుంది. ఆ తెట్టు కడ్డీదే. మీ ఇంటికొచ్చినా ఉప్పు డబ్బా దగ్గర పెట్టుకోండి.

టీడీఎస్ మీటరు కూడా చూపిస్తారు. అది ఉప్పులన్నీ కలిపి అంచనా చెబుతుంది, ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు.

అందుకని డబ్బు కట్టకుండా ట్రయల్ అడగండి. మోటారు ఐదు నిమిషాలు ఆడాక, గొట్టానికి ముందొకటి, తర్వాతొకటి, రెండు ప్లాస్టిక్ బాటిళ్ళు పట్టండి. పట్టే ముందు అవే నీళ్ళతో మూడుసార్లు కడగాలి. పైన 1, 2 అని మాత్రం రాసి, ఏది ఏదో చెప్పకుండా ల్యాబుకివ్వండి. ఫ్లోరైడ్, నీళ్ళ కఠినత్వం (హార్డ్‌నెస్), నైట్రేట్ చూడమనండి. లీటరుకి ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, వేరే నీళ్ళు లేకపోతే 1.5 వరకు. కాచితే తగ్గుతుందనుకోకండి, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది.

రుచి మారిందంటారా? మూడు గ్లాసుల్లో రెండిట్లో ఒకే నీళ్ళు పోసి, తేడా గ్లాసు పట్టుకోమనండి. ఒక్కసారికి నమ్మొద్దు, గుడ్డిగా చూపించినా మూడింట ఒకసారి తగులుతుంది. మావాడికి పదిసార్లలో మూడు తగిలాయి.

మా రెండు బాటిళ్ళలోనూ ఫ్లోరైడ్ 2.4 వచ్చింది. గొట్టం విప్పి ఇచ్చేశాను. అదే రోజు, మా బావమరిది రెండేళ్ళుగా పట్టించుకోని ఆర్వోకి కొత్త మెంబ్రేన్ (వడపోత పొర) వేసి వచ్చాను.