ఇంటర్వ్యూకి ముందు కంపెనీ గురించి చూసుకోవాల్సినవి

విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గరో గవర్నర్‌పేటలోనో ఇంటర్వ్యూ అని ఫోన్ వచ్చిందా? చొక్కా ఇస్త్రీకి ఇచ్చేలోపు ఇవి చూసేయండి.

• రిజిస్టరైన పేరు అడిగి రాసుకోండి. బోర్డు మీద పేరు వేరే ఉండొచ్చు.

• ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) వెబ్‌సైట్‌లో ఆ పేరు కొట్టండి. ఎప్పుడు పెట్టారో, ఇప్పుడు ‘యాక్టివ్’గా ఉందో ‘స్ట్రైక్ ఆఫ్’ అయిందో (అంటే రిజిస్టర్లోంచి పేరు కొట్టేశారో) తెలుస్తుంది.

• జీఎస్టీ నంబరు 37తో మొదలైతే ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్, 36 అయితే తెలంగాణ. 36 చూసి కంగారు పడక్కర్లేదు, హెడ్డాఫీసు హైదరాబాద్ అయ్యుండొచ్చు.

• నాకు అన్నిటికంటే గురి పీఎఫ్ మీదే. ఈపీఎఫ్ఓ సైట్‌లో సంస్థ పేరుతో వెతికితే ఏ నెల ఎంతమందికి కట్టారో కనిపిస్తుంది. ‘మా దగ్గర రెండొందల మంది’ అనేవాళ్లు పన్నెండుగురికే కడుతుంటే, ఆ మాట ఇంటర్వ్యూలోనే మర్యాదగా అడగండి. 20 మంది కంటే తక్కువున్న చిన్న ఆఫీసుకి మాత్రం పీఎఫ్ సాధారణంగా తప్పనిసరి కాదు.

• డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు అడిగితే అసలు వెళ్లొద్దు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

• వీలైతే ముందురోజు ఆఫీసు కింద టీకొట్టు దగ్గర కాసేపు నిలబడండి. జీతాలు ఏ తారీఖున పడుతున్నాయో అక్కడే తెలిసిపోతుంది.