గీజర్ వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోందా? నా అనుభవం

పాత ఫ్యూజు బోర్డు పక్కన చిన్న పెట్టె పెట్టించి గీజర్‌కి విడిగా లైను లాగించాను: 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే ఆపేసే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్). స్విచ్ వేయగానే టప్‌మని ట్రిప్పు. ఎలిమెంటు, ఎంసీబీ, చివరికి ఆర్‌సీసీబీ కూడా మార్చాం. దండగ!

అసలు దొంగ న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు. రెండో ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, మీటర్‌తో కరెంటు లేదని తేల్చుకున్నాడు (మెయిన్‌లోకి వచ్చే వైర్లలో అప్పుడూ ఉంటుంది, జాగ్రత్త). గీజర్ నల్ల వైరు (అదే న్యూట్రల్) పాత బోర్డు న్యూట్రల్ పట్టీకి బిగించి ఉంది. ఆర్‌సీసీబీ గుండా వెళ్లిన కరెంటు దాని గుండా తిరిగి రాకపోతే లీకేజీ అనుకుంటుంది మరి. ఆ వైరు ఊడదీసి ఆర్‌సీసీబీ అవుట్‌పుట్ న్యూట్రల్‌కి బిగించాడు, టెస్ట్ బటన్ నొక్కి చూశాడు. అంతే, గీజర్ వేస్తే మళ్లీ పడలేదు.

మీ ఇంట్లో నిజంగానే ఎర్త్ లీకేజీ (కరెంటు భూమిలోకి కారడం) ఉంటే మాత్రం ఇలా న్యూట్రల్ మార్చినా ట్రిప్పు ఆగదు.