వడగళ్లకి రూఫ్ దెబ్బతింది... క్లెయిమ్ ఎక్కడ ఇరుక్కుంది?

టెక్సాస్‌లో వడగళ్ల వాన పడ్డ మర్నాడు పొద్దున్నే తలుపు తట్టేది రూఫరే (పైకప్పు పనివాడు). "ఫ్రీగా చూస్తాం, ఇక్కడో సంతకం పెట్టండి" అంటాడు. సంతకం సంగతి తర్వాత, ముందు మీ ఇంటి బీమా పాలసీ డిక్లరేషన్స్ పేజీ తీయండి. అందులో మూడు విషయాలు చూడాలి: డ్వెల్లింగ్ కవరేజీ (ఇంటికి చేసిన బీమా మొత్తం) ఎంత, గాలి-వడగళ్ల డిడక్టిబుల్ (నష్టంలో మీ జేబులోంచి పోయే వాటా) ఎంత, రూఫ్‌కి ఇచ్చేది రీప్లేస్‌మెంట్ కాస్టా (కొత్తది వేయించే ఖర్చు), యాక్చువల్ క్యాష్ వాల్యూనా (తరుగుదల తీసేసిన విలువ). కింద రాసిన తలనొప్పుల్లో చాలావాటికి మూలం ఆ ఒక్క కాగితమే.

సమస్య: లోపల చుక్క కారలేదు, కింద నుంచి చూస్తే రూఫ్ శుభ్రంగానే ఉంది. క్లెయిమ్ వేయాలా?

వడగళ్ల దెబ్బ వెంటనే కారదు. షింగిల్ (పైకప్పు పలక) మీదున్న రాతిపొడి రాలిపోయి, దాని కింద ఫైబర్‌గ్లాస్ చాప చిట్లుతుంది. ఎండకి అది పెళుసెక్కి కారడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. రూఫ్ ఎక్కే సాహసం మీరు చేయొద్దు, నేల మీదే చాలా తెలుస్తుంది. గట్టర్ గొట్టం నీళ్లు వదిలే చోట నల్లటి ఇసుకలాంటిది కుప్పగా ఉందా? ఏసీ బయటి యూనిట్ రేకుల మీద గుండ్రటి సొట్టలున్నాయా? విండో స్క్రీన్‌కి చిల్లులు పడ్డాయా? ఉంటే ఫొటోలు తీయండి, పక్కన ఒక నాణెం పెట్టి మరీ.

తర్వాత లెక్క. అతుకుల ఖర్చు డిడక్టిబుల్ కంటే తక్కువైతే క్లెయిమ్ వేసి లాభం లేదు. చేతికి డాలర్ రాకపోయినా, వేసిన క్లెయిమ్ బీమా కంపెనీలు చూసుకునే క్లూ రిపోర్టులో (పాత క్లెయిమ్‌ల చిట్టా) 7 ఏళ్ల దాకా కనిపించవచ్చు.

నీళ్లు కారుతుంటే మాత్రం ఆలోచన వద్దు. వెంటనే టార్ప్ కప్పించండి, రసీదు దాచండి. నష్టం పెరగకుండా చూసుకునే బాధ్యత పాలసీ ప్రకారం మీదే.

సమస్య: అడ్జస్టర్ (నష్టం లెక్కగట్టే బీమా కంపెనీ మనిషి) వచ్చి "ఇది పాతబడి అరిగింది, వడగళ్లు కాదు" అని రాశాడు

కారణాలు రెండు. మొదటిది, నిజంగానే కాకపోవచ్చు. వేడికి షింగిల్స్ మీద బొబ్బలు లేచి చితికినప్పుడు కూడా వడగళ్ల దెబ్బలాగే కనిపిస్తుంది. రెండోది, తేదీ కుదరకపోవడం. మీరు చెప్పిన రోజున మీ వీధిలో చెప్పుకోదగ్గ వడగళ్లు పడినట్టు రికార్డు లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది.

అమెరికా వాతావరణ శాఖ వడగళ్ల రిపోర్టులు ఉచితంగానే దొరుకుతాయి. తేదీ అందులో చూసుకుని రాయండి. 1 అంగుళం, అంటే క్వార్టర్ నాణెం అంత వడగల్లు పడితే దాన్ని తీవ్రమైన తుఫానుగా లెక్కిస్తారు.

మా ఇంటికి మొదట వచ్చినాయన పావుగంటలో దిగిపోయాడు. మళ్లీ చూడమని రాతపూర్వకంగా అడిగాం, ఈసారి మా రూఫర్ కూడా పైనే ఉన్నాడు. రెండో అడ్జస్టర్ ప్రతి వాలు మీదా సుద్దతో 10 అడుగుల చదరం గీసి, దెబ్బ దెబ్బకీ సున్నా చుట్టి లెక్కపెట్టాడు. ఉత్తరం వాలు మీద దాదాపు ఏమీ లేదు. పడమటి వాలు మాత్రం సుద్ద సున్నాలతో నిండిపోయింది. ఆ ఫొటోలతోనే నిర్ణయం మారింది. మొదటాయన పడమటి వైపు వెళ్లాడో లేదో ఇప్పటికీ నాకు అనుమానమే.

రీఇన్‌స్పెక్షన్ తర్వాత కూడా నష్టం ఎంతన్న దగ్గర తేడా మిగిలితే, పాలసీలో అప్రైజల్ క్లాజ్ (నష్టం ఎంతో అప్రైజర్ల చేత తేల్పించుకునే షరతు) ఉందేమో చూడండి. మీ తరఫున ఒకరు, వాళ్ల తరఫున ఒకరు, ఇద్దరూ కలిసి ఎంచుకునే అంపైర్ ఒకరు. మీ అప్రైజర్ ఫీజు మీదే, అంపైర్ ఫీజు చెరిసగం. చిన్న తేడాకి ఇది దండగ.

సమస్య: రూఫ్‌కి 18,000 డాలర్లన్నారు, చెక్కు 3,000కే వచ్చింది

అందరూ ఫోన్ చేసి అరిచేది ఇక్కడే. చాలాసార్లు లెక్క సరిగ్గానే ఉంటుంది. డిడక్టిబుల్ 2 శాతం అంటే నష్టంలో 2 శాతం కాదు, డ్వెల్లింగ్ కవరేజీలో. ఇల్లు 4,00,000 డాలర్లకి బీమా చేసి ఉంటే 8,000 మీ జేబులోంచే పోతుంది. రూఫ్ వయసుని బట్టి తరుగుదల 7,000 వేశారనుకోండి: 18,000లోంచి 7,000, 8,000 తీసేస్తే 3,000.

మీది రీప్లేస్‌మెంట్ కాస్ట్ పాలసీ అయితే ఆ 7,000 పని పూర్తిచేసి ఇన్వాయిస్ పంపాక వస్తుంది. దానికి పాలసీలో గడువు ఉంటుంది, క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. యాక్చువల్ క్యాష్ వాల్యూ అయితే ఆ 7,000 ఇక రాదు. కొత్త రూఫ్‌కి మీరు పెట్టేది 8,000 కాదు, 15,000.

సమస్య: "డిడక్టిబుల్ మేమే చూసుకుంటాం, మీరు పైసా కట్టక్కర్లేదు" అంటున్నాడు రూఫర్

వదిలించుకోండి. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి అది నేరం. డిడక్టిబుల్ కట్టిన రుజువు చూపించమని బీమా కంపెనీ అడగొచ్చు, అది చూసేదాకా మిగతా డబ్బు ఆపొచ్చు. ఇంకో సంగతి, ఈ రాష్ట్రంలో రూఫర్లకి ప్రభుత్వ లైసెన్స్ అనేదే లేదు. కాబట్టి లయబిలిటీ ఇన్సూరెన్స్ కాగితం మీరే అడిగి చూడాలి. మీ తరఫున క్లెయిమ్ బేరమాడతానన్నా నమ్మొద్దు. చట్టం ప్రకారం ఆ పని లైసెన్స్ ఉన్న పబ్లిక్ అడ్జస్టర్‌దో, లాయర్‌దో.

సమస్య: చెక్కు మీద మార్ట్‌గేజ్ కంపెనీ పేరు కూడా ఉంది

ఇంటి మీద అప్పు ఉన్నంతకాలం అంతే. వాళ్ల లాస్ డ్రాఫ్ట్ విభాగానికి (బీమా చెక్కులు చూసేవాళ్లు) ఫోన్ చేసి ఏ కాగితాలు కావాలో మొదటి రోజే కనుక్కోండి. పెద్ద మొత్తమైతే విడతలుగా ఇస్తారు, ఆఖరి విడతకి ముందు తనిఖీ ఉండొచ్చు. ఇది రూఫర్‌కి ముందే చెప్పకపోతే మధ్యలో నలిగేది మీరే.

సమస్య: పాత షింగిల్స్ విప్పాక కింద చెక్క కుళ్లి కనిపించింది

పని ఆపించి ఫొటోలు తీయించండి. కప్పేశాక రుజువు ఉండదు. రూఫర్ చేత బీమా కంపెనీకి సప్లిమెంట్ (అదనపు ఖర్చు అడిగే కాగితం) పంపించండి. తుఫాను నీళ్లకి పాడైన చెక్కకి డబ్బు అడగొచ్చు, ఏళ్ల నాటి కుళ్లుకి ఇవ్వరు. ఊరి బిల్డింగ్ కోడ్ కొత్తగా అడిగే డ్రిప్ ఎడ్జ్ (చూరు అంచు రేకు) లాంటివాటికి పాలసీలో ఆర్డినెన్స్ ఆర్ లా కవరేజీ ఉండాలి.

సమస్య: వారాలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు

ఫోన్లు మానేసి ఈమెయిల్‌కి మారండి. టెక్సాస్ చట్టం ప్రకారం క్లెయిమ్ అందినట్టు 15 రోజుల్లో చెప్పాలి. అడిగిన కాగితాలన్నీ చేరాక 15 పనిదినాల్లో అవునో కాదో తేల్చాలి, ఇంకా టైమ్ కావాలంటే కారణం రాయాలి. ఇస్తామన్నాక 5 పనిదినాల్లో చెల్లించాలి. పెద్ద విపత్తు తర్వాత ఈ గడువులు కొంత పెరుగుతాయి. ఆ తేదీలు వేసి ఒక మెయిల్ పెట్టి చూడండి. అప్పటికీ కదలకపోతే టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు ఏమీ ఉండదు.