గోపాల్‌పూర్‌లో బస, రోజుకో దిక్కు: గంజాం జిల్లాలో ఒక్కరోజు ప్రయాణాలు

ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్‌కి వచ్చేవాళ్లలో చాలామంది రెండు పూటలు ఇసుకలో కూర్చుని, లైట్‌హౌస్ చూసి వెళ్లిపోతారు. అశోకుడి శాసనం, చిలికా సరస్సు, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం, వేడినీటి ఊట, టిబెటన్ల ఆరామం, ఇవన్నీ పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగి రాగలిగిన దూరంలోనే ఉన్నాయి. చిక్కల్లా ఇవి తలో దిక్కున ఉండటమే. చిలికా ఈశాన్యాన, అశోకుడి శాసనమున్న జౌగడ ఉత్తరాన, వేడినీటి ఊట ఉన్న తప్తపాణి పడమట. ఒకే రోజు రెండు దిక్కులు పెట్టుకుంటే రోజంతా కారులోనే గడిచిపోతుంది. రోజుకి ఒకే దిక్కు అన్న నియమం మీదే కింది ప్రణాళికంతా నడుస్తుంది.

రైల్లో వచ్చేవాళ్లు దిగాల్సింది బరంపురంలో. టికెట్ మీద బ్రహ్మపుర్ అని ఉంటుంది. అక్కణ్ణించి గోపాల్‌పూర్ 15, 16 కిలోమీటర్లు. బస్సులు, ఆటోలు దొరుకుతాయి. రోజంతా తిరగడానికి కారు మాత్రం బరంపురంలో ముందురోజు సాయంత్రమే మాట్లాడుకోండి. ఎన్ని గంటలు, ఎన్ని కిలోమీటర్లు, దాటితే ఎంత, డ్రైవరు బత్తా, టోల్, పార్కింగ్ ఎవరివి అన్నవన్నీ ఒక మెసేజ్‌లో రాయించుకుంటే సాయంత్రం పేచీ ఉండదు. బరంపురంలో, గోపాల్‌పూర్ జాలరి పేటల్లో తెలుగుతో హాయిగా పని జరిగిపోతుంది. పురుషోత్తంపూర్, ఆస్కా వైపు పోయేసరికి ఒడియాయే. "కెతే టంకా" అని ధర అడగడం నేర్చుకుంటే చాలు, మిగతాది చేతులతో నడిచిపోతుంది.

కాలం విషయానికొస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలు. అక్టోబరులో సెలవులున్నాయని టికెట్లు తీసుకునేవాళ్లు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోవాలి. 2013లో ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. 2018లో తిత్లీ వచ్చిందీ అక్టోబరులోనే.

చిలికా: ఏ రేవు నుంచి వెళ్లాలి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. చిలికాకి రేవులు చాలా ఉన్నాయి, ఒక్కో రేవు నుంచి కనబడేది వేరు. డాల్ఫిన్లు కావాలంటే సాతపడా పోవాలి. అది సరస్సుకి సముద్రం వైపు, పూరీ పక్కన ఉంది. గోపాల్‌పూర్ నుంచి రోడ్డు మీద సరస్సంతా చుట్టి పోవాలి కాబట్టి ఒక్క రోజులో అయ్యే పని కాదు. దాన్ని పూరీ ప్రయాణానికి వదిలేయండి. రంభలో పడవ ఎక్కి డాల్ఫిన్లేవని అడిగితే పడవవాడు చేయగలిగిందేమీ లేదు.

గోపాల్‌పూర్ నుంచి పోవాల్సింది రంభకే, కారులో గంట పైచిలుకు. ఇది సరస్సు దక్షిణపు కొస. కొండలు నీళ్ల దాకా దిగి ఉంటాయి, చిన్న చిన్న దీవులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒడిశా పర్యాటక సంస్థ వారి పంథనివాస్ అతిథిగృహం దగ్గరా, ఊళ్లో పడవల సంఘం దగ్గరా పడవలు దొరుకుతాయి. ఎక్కేముందు మూడు సంగతులు తేల్చుకోండి: మొత్తం ఎన్ని గంటలు, ఏయే దీవులు, ఎక్కడెక్కడ దింపుతారు. "అన్నీ చూపిస్తాం" అన్న మాట మీద ఎక్కితే సగం దీవులు దూరం నుంచే చూపించి వెనక్కి తిప్పేస్తారు. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్‌లో ఖల్లికోట రాజులు కట్టించిన పాత బంగళా శిథిలాలున్నాయి. బీకన్ ఐలాండ్‌లో బండ మీద ఒక స్తంభం కనబడుతుంది. కంపెనీ కాలపు గంజాం కలెక్టరు స్నాడ్‌గ్రాస్ దీపం పెట్టడానికి కట్టించాడని చెబుతారు. లైఫ్‌జాకెట్ అడిగి తీసుకుని, అప్పుడే వేసుకోండి. సరస్సు లోతు తక్కువే అయినా అడుగున బురదలో కాలు దిగబడితే ఈత వచ్చినవాళ్లకీ కష్టమే.

ఏడున్నరకల్లా నీటి మీద ఉండాలి. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి పుంజుకుంటుంది. లోతు లేని నీళ్లలో అలలు పొట్టిగా, వెంటవెంటనే లేచి పడవని కుదిపేస్తాయి. పిల్లలు వాంతులు చేసుకునేది, కెమెరాలు తడిసేది మధ్యాహ్నం పడవల్లోనే. మార్చి దాటాక ఈ గాలి మరీ ఎక్కువ.

పక్షుల కోసమే వచ్చేవాళ్లు రంభ దాటి బర్కుల్ రేవు దాకా వెళ్లాలి. సరస్సులోని నలబణ దీవే పక్షుల అభయారణ్యం, సుమారు 15.5 చదరపు కిలోమీటర్లు. వానాకాలంలో మునిగి, చలికాలానికి తేలుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో సైబీరియా, మధ్య ఆసియా వైపు నుంచి వచ్చిన బాతులు, పెద్దబాతులు, వాటితో పాటు రాజహంసలు ఇక్కడ మేస్తాయి. దీవి మీద దిగనివ్వరు, దిగమని అడగనూ వద్దు. దగ్గరికి వచ్చాక ఇంజను ఆపించి, గెడతో నెట్టించండి. ఇంజను మోతకి గుంపు ఒకసారి లేచిపోతే ఆ పూటకి చూడటానికి ఏమీ మిగలదు. పైగా వేల మైళ్లు ఎగిరి వచ్చిన పిట్ట తిండి మానుకుని లేవాల్సి వస్తుంది. 8x42 బైనాక్యులర్స్ ఒకటి ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. కాళీజాయి గుడి కూడా బర్కుల్ వైపే. మకర సంక్రాంతికి అక్కడ విపరీతమైన రద్దీ, ఆ రోజు వదిలేయడం మంచిది.

తిరుగుదారిలో గంజాం ఊరి దగ్గర హైవే దిగితే పోటాగడ. 1768లో ఇంగ్లీషువాళ్లు నక్షత్రం ఆకారంలో కట్టిన కోట, చుట్టూ కందకం. 1815లో జ్వరాలు ప్రబలి గంజాం ఖాళీ అయ్యేదాకా జిల్లా పాలన ఇక్కణ్ణించే సాగింది, ఆ తర్వాతే బరంపురానికి మారింది. అరగంట చాలు. పొదలెక్కువ, బూట్లు వేసుకుని దిగండి.

తారాతారిణి, జౌగడ

ఒక్క రోజే ఉంది, ఎటు పోవాలి అంటే ఇటే పొమ్మంటాం. రెండూ ఋషికుల్య నది ఒడ్డునే, పురుషోత్తంపూర్ చుట్టుపక్కలే ఉన్నాయి. ముందు కొండ మీది తారాతారిణి అమ్మవార్ల గుడి చూడాలి, ఎందుకంటే 999 మెట్లు వట్టికాళ్లతో ఎక్కాలి. తొమ్మిది దాటితే రాయి కాలుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పైదాకా కారు రోడ్డు ఉంది, రోప్‌వే కూడా ఉంది. రోప్‌వే మరమ్మతు కోసం ఆపే రోజులుంటాయి కాబట్టి దాని మీదే ఆధారపడి పెద్దవాళ్లని తీసుకురావద్దు. చైత్రమాసపు మంగళవారాలు పిల్లల పుట్టువెంట్రుకలు తీయించేవాళ్లతో కొండంతా నిండిపోతుంది. మొక్కు ఉంటే తప్ప ఆ రోజుల్లో రావద్దు.

అక్కణ్ణించి జౌగడకి పోండి. బయటి నుంచి చూస్తే పొలాల మధ్య ఒక బండ, దాని మీద కప్పు, చుట్టూ కటకటాలు, అంతే. అందుకే చాలామంది పది నిమిషాల్లో వెనక్కి తిరుగుతారు. ఏం చూడాలో తెలిసి వెళితే గంట కూడా చాలదు. బండ మీద మూడు పలకలుగా చెక్కారు. మొదటి దాంట్లో అశోకుడి పద్నాలుగు శాసనాల వరసలో 1 నుంచి 5 దాకా ఉన్నాయి, దాదాపు సగం చెదిరిపోయాయి. రెండో దాంట్లో 6 నుంచి 10, ఆ తర్వాత 14. మరి 11, 12, 13 ఏవి? కళింగ యుద్ధంలో లక్ష మంది చచ్చారని, దానికి తాను పశ్చాత్తాపపడ్డానని అశోకుడు చెప్పుకున్నది ఆ పదమూడో శాసనంలోనే. దాన్ని ఓడిన కళింగుల గడ్డ మీద చెక్కించలేదు, ఇక్కడా లేదు, భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోనూ లేదు. వాటి బదులు మూడో పలక మీద కళింగ కోసమే రాయించిన రెండు ప్రత్యేక శాసనాలున్నాయి. అవి సమాపా నగరపు అధికారులకిచ్చిన ఆజ్ఞలు. మనుషులందరూ నా బిడ్డలే, ఎవరినీ విచారణ లేకుండా బంధించవద్దు, హింసించవద్దు అన్నది వాటి సారం. ఆ సమాపా మీరు నిలబడ్డ ఈ చోటే.

వెళ్లేముందు బ్రాహ్మి అక్షరాల పట్టిక ఒకటి ఫోన్లో దించుకోండి. మన తెలుగు లిపి పుట్టింది ఆ లిపిలోంచే. కూడిక గుర్తులా ఉన్నది "క", నిలువు గీత "ర", పిల్లలు ఐదు నిమిషాల్లో పట్టేస్తారు. అక్షరాలు కంటికి ఆనకపోతే బైనాక్యులర్స్ వాడండి. కటకటాల్లోంచి చెయ్యి పెట్టి తడమొద్దు, నీళ్లు చల్లొద్దు. రెండు వేల రెండొందల ఏళ్లకి పైగా నిలిచిన గీతలవి. తర్వాత కాలినడకన మట్టికట్ట ఎక్కి చూస్తే నలుచదరపు పాత కోట ఆకారం తెలుస్తుంది. జౌగడ దగ్గర భోజన హోటలు ఆశించొద్దు. పొద్దున్నే పులిహోర, దద్దోజనం కట్టించుకుని మనిషికి రెండు లీటర్ల నీళ్లతో బయల్దేరండి.

ఋషికుల్య ముఖద్వారంలో తాబేళ్లు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తేనే దీని మాట. పూరుణాబంధ, గోఖర్‌కుద, పొదంపేట ఊళ్ల దగ్గర ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకి వేలు ఒక్కసారిగా గుడ్లు పెడతాయి. ఏ రాత్రి వస్తాయో ముందుగా ఎవరూ చెప్పలేరు, కొన్ని ఏళ్లు అసలు రావు. అందుకని దీనికోసమే టికెట్ తీసుకోకుండా, వచ్చినప్పుడు అటవీ శాఖవాళ్లని అడిగి, వాళ్లు రమ్మన్న చోటికే వెళ్లండి. గుడ్లు పెట్టిన సుమారు ఏడు వారాలకి పిల్లలు బయటికొస్తాయి. టార్చి, ఫ్లాష్, ఫోన్ వెలుగు ఏదీ వద్దు. తాబేలు పిల్ల వెలుతురున్న వైపే నడుస్తుంది, సముద్రం మీది మసక వెలుగే దానికి దారి. మీ టార్చి వైపు తిరిగిందంటే తెల్లారేసరికి కాకుల పాలో కుక్కల పాలో అవుతుంది. జాలిపడి చేత్తో నీళ్లలో వదలడమూ తప్పే, ఇసుక మీద దాని నడక దాన్నే నడవనివ్వండి.

పడమటి దారి: తప్తపాణి, జిరంగ్

బరంపురం నుంచి దిగపహండి మీదుగా 50 కిలోమీటర్లు పోతే తప్తపాణి వేడినీటి ఊట. గంధకం వాసన వస్తుంది. వెండి పట్టీలు, మొలతాడు తీసి సంచిలో పెట్టండి, నల్లబడతాయి. ఊట పుట్టే కుండంలో దిగకూడదు. ఇక్కడే రోజు గడపకుండా మోహనా దారిలో ఘాట్ ఎక్కి గజపతి జిల్లా జిరంగ్ పోవాలి. 1960ల్లో స్థిరపడిన టిబెటన్ల ఊళ్లవి. అక్కడి బౌద్ధ ఆరామం పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. లోపల ప్రదక్షిణం మనలాగే కుడివైపుగా. మధ్యాహ్నం అక్కడే థుక్పా (టిబెటన్ల నూడుల్స్ సూప్) తిని, మూడింటికల్లా దిగడం మొదలుపెట్టండి. చీకటి పడ్డాక, శీతకాలం మంచులో ఆ మలుపులు మంచివి కావు.

ఇంకో రోజు మిగిలితే భేట్‌నయి పోండి. ఆస్కా, బుగుడా వైపు పొలాల్లో కృష్ణజింకలు మనుషుల మధ్యే తిరుగుతాయి, ఊరివాళ్లే వాటిని కాపాడుకుంటున్నారు. సూర్యోదయానికల్లా అక్కడుండాలంటే నాలుగింటికే బయల్దేరాలి. కారు దిగకండి. తిరుగుదారిలో బుగుడా బిరంచి నారాయణ గుడి గోడల మీద రామాయణ చిత్రాలున్నాయి.

మహేంద్రగిరిని మాత్రం ఈ లెక్కలో కలపొద్దు. 1501 మీటర్ల ఆ కొండకి గోపాల్‌పూర్ నుంచి కాక, పర్లాకిమిడిలో రాత్రి బస చేసి తెల్లవారుజామున బయల్దేరండి.