రాగి బిస్కెట్‌లో రాగులెంత? ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి

మా నాన్నకు షుగర్ అని తేలాక మామూలు బిస్కెట్లు మాన్పించి రాగి బిస్కెట్లు తెచ్చిపెట్టాను. ప్యాకెట్ మీద రాగి కంకులు, పక్కన పచ్చటి ఆకు, చూడగానే మంచివే అనిపించేలా ఉంటుంది కదా, ఆయన కూడా రాగులే అన్న ధైర్యంతో పొద్దున మూడు, సాయంత్రం మూడు టీలో ముంచుకుని తినేవారు. ఆరు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు ఖాళీ ప్యాకెట్ పారేయబోతూ వెనక చదివితే మైదా 52 శాతం, తర్వాత పంచదార, తర్వాత పామాయిల్, ఆ తర్వాత రాగి పిండి 7 శాతం. చాలా బాధేసింది. నేనే కదా కొని ఇచ్చింది!

అందుకే ముందుగా ఇంగ్రీడియెంట్స్ లిస్టు చదవండి, అంకెల పట్టిక తర్వాత చూడొచ్చు. దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం ఏది ఎక్కువ ఉంటే దాన్ని ముందు రాయాలి, మిగతావి తగ్గే వరసలో రావాలి, కాబట్టి మొదటి మూడు పేర్లు చూస్తేనే సరుకు సంగతి చాలావరకు తెలిసిపోతుంది. రాగి, ఓట్స్, బాదం అని పేరులోనే పెట్టుకున్న వాటికి ఆ పదార్థం ఎంత శాతమో పక్కనే అంకె ఉంటుంది, దాన్ని వెతకండి. "రిఫైన్డ్ వీట్ ఫ్లోర్" అంటే మైదా. వీట్ అన్న మాట కనబడగానే గోధుమ పిండి అనుకుని మోసపోకండి, హోల్ వీట్ అనో ఆటా అనో ఉండాలి. బ్రౌన్ బ్రెడ్ కొనేటప్పుడు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే కొన్నిటికి ఆ రంగు పొట్టు వల్ల కాదు, క్యారమెల్ రంగు కలపడం వల్ల వస్తుంది. లిస్టు చివర్లో 150 అనే నంబరు, పక్కన ఏ, సీ, డీ లాంటి అక్షరం ఉంటే అదే.

పంచదారకు మారుపేర్లు చాలా ఉన్నాయి. ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్ సిరప్, తేనె, బెల్లం, ఇలా నాలుగు రకాల తీపిని కొంచెం కొంచెం వేస్తే ఒక్కొక్కటీ లిస్టులో కిందికి పోతుంది, అన్నీ కలిపితే మాత్రం పైన ఉండాల్సినంత అవుతుంది. పిండి పదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ అయితే పట్టికలో షుగర్ కింద లెక్కకు రాదు గానీ ఒంట్లోకి వెళ్లాక రక్తంలో చక్కెరను గబగబా పెంచుతుంది. ఇంట్లో షుగర్ పేషెంట్ ఉంటే ఈ ఒక్క పేరైనా గుర్తుపెట్టుకోండి.

ఇక పట్టిక. నాన్న తిన్న ప్యాకెట్ మీద ఒక సర్వింగ్ అంటే 2 బిస్కెట్లు, 15 గ్రాములు, కలిపిన చక్కెర 3.6 గ్రాములు, రోజువారీ పరిమితిలో 7 శాతం. చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. కానీ రెండింటితో ఆపేవాళ్లు ఎవరండీ? ఆయన తినేది ఆరు, అంటే 10.8 గ్రాములు, రెండున్నర చెంచాల పైమాటే. పైగా ఆ 7 శాతం వేసింది రోజుకు 50 గ్రాముల చక్కెర అన్న లెక్క మీద. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 25 గ్రాములు దాటొద్దని చెప్పింది, ఆ లెక్కన చూస్తే అది 14 శాతం అవుతుంది. కాబట్టి సర్వింగ్ గడి వదిలేసి 100 గ్రాముల గడి చూడండి, మీరు నిజంగా ఎంత తింటారో దాంతో లెక్కేసుకోండి. రెండు ప్యాకెట్లను పోల్చడానికి కూడా అదే గడి.

ముందువైపు రాసే మాటలకూ హద్దులున్నాయి. షుగర్ ఫ్రీ అంటే 100 గ్రాముల్లో చక్కెర అర గ్రాము మించకూడదు, ఘనపదార్థాల్లో లో ఫ్యాట్ అంటే కొవ్వు 3 గ్రాములు మించకూడదు. అంతవరకే. షుగర్ ఫ్రీ బిస్కెట్‌లో మైదా, నూనె ఎంతైనా ఉండొచ్చు, లో ఫ్యాట్ ఫ్లేవర్డ్ యోగర్ట్‌లో చక్కెర దండిగా ఉండొచ్చు.

బీపీ ఉన్నవాళ్లు సోడియం చూడాలి. రోజుకు 2000 మిల్లీగ్రాములు హద్దు, ఉప్పు లెక్కలో 5 గ్రాములు. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో వస్తుంది. మసాలా ఓట్స్ 100 గ్రాముల్లో 1200 మిల్లీగ్రాములు ఉంటే 40 గ్రాముల చిన్న ప్యాకెట్‌లోనే 1.2 గ్రాముల ఉప్పు అన్నమాట, అదీ ఉదయం టిఫిన్‌కే, మధ్యాహ్నం పప్పులో ఊరమిరపకాయ ఇంకా లెక్కలోకి రాలేదు. మామూలు ఓట్స్ కొని ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి ఉప్మాలా చేసుకుంటే ఉప్పు మన చేతిలో ఉంటుంది.

తాగేవాటి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పాలలో కలిపే మాల్ట్ పొడులను హెల్త్ డ్రింక్స్ వర్గంలో పెట్టి అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. గుజ్జు చిక్కబరిచి మళ్లీ నీళ్లు కలిపిన జ్యూస్‌ల మీద 100 శాతం పండ్ల రసం అన్న మాట తీసేయమని అదే ఏడాది జూన్‌లో ఆదేశించింది. వీటన్నిటికంటే నాకు భయం వేసేది, విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తీపి డ్రింకులు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆ పేరు వాడకుండా ఆపారు. విరేచనాలు పట్టుకున్న పిల్లకు చక్కెర ఎక్కువున్న నీళ్లు పోస్తే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. మెడికల్ షాపులో అడిగేటప్పుడు డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ఓఆర్ఎస్ అని అడగండి, ప్యాకెట్ మీద లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు అని ఉందో లేదో చూసుకుని, దాని మీద చెప్పినన్ని నీళ్లలో మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపండి.