220 మెగావాట్ల భారజల రియాక్టర్: బొమ్మ గీస్తూ అర్థం చేసుకోండి

కర్ణాటకలోని కైగా, గుజరాత్‌లోని కాక్రపార్‌లలో నడిచే 220 మెగావాట్ల అణు రియాక్టర్ అర్థం కావాలంటే ముందు యురేనియాన్ని పక్కన పెట్టి నీళ్ల దారులు పట్టుకోండి. మొత్తం నాలుగు. ఒకదాన్నుంచి ఇంకోదానికి వేడి వెళ్లాలి తప్ప నీళ్లు కలవకూడదు.

అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద డ్రమ్ము గీయండి. అది కలాండ్రియా. అందులో మోడరేటర్‌గా, అంటే న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి, భారజలం (బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లు) ఎక్కువ పీడనం లేకుండా, మరగనంత వేడిలో ఉంటుంది. ఇదే మొదటి దారి. సహజ యురేనియంలో యురేనియం-235 ఉండేది 0.7 శాతమే. దాని పరమాణువుల్ని చీల్చే న్యూట్రాన్లను మామూలు నీళ్లు మింగేస్తాయి కాబట్టి అంత పలచటి ఇంధనంతో ఆ చీలికల గొలుసు చర్య సాగదు. భారజలం పెద్దగా మింగకుండా వాటి వేగం తగ్గిస్తుంది. అందుకే మణుగూరులో భారజలాన్ని 99.8 శాతం శుద్ధికి తెస్తారు. మామూలు నీళ్లు కాస్త కలిసినా చర్య మందగిస్తుంది.

డ్రమ్ములో ఈ చివరి నుంచి ఆ చివరికి 306 గొట్టాలు గీయండి. ప్రతిదీ గొట్టంలో గొట్టం. మధ్య సందులో కార్బన్ డయాక్సైడ్ తిరుగుతుంది. దాంట్లో తేమ కనబడిందంటే ఏదో గొట్టం కారుతున్నట్టే. లోపలి గొట్టంలో 12 బండిళ్లు వరుసగా ఉంటాయి. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే ఈ బండిల్ మూరెడు పొడవు, 19 సన్నటి జిర్కోనియం గొట్టాల కట్ట. వాటి నిండా యురేనియం ఆక్సైడ్ బిళ్లలు. రియాక్టర్ నడుస్తుండగానే ఒక యంత్రం ఈ చివర కొత్తవి నెడితే, ఆ చివర రెండో యంత్రం వాడినవి అందుకుంటుంది.

బండిళ్ల మీదుగా పారే భారజలం రెండో దారి. సుమారు 249 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లి 293 దగ్గర బయటికొస్తుంది. అంత వేడిలోనూ మరగకుండా పీడనమే ఆపుతుంది. స్టీమ్ జనరేటర్ సన్నగొట్టాల గోడ దాటి ఆ వేడి మూడో దారిలోని మామూలు నీళ్లను ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరే టర్బైన్ తిప్పుతుంది. దాన్ని కండెన్సర్‌లో చల్లబరిచే నీళ్లది నాలుగో దారి.

రియాక్టర్ ఆపడానికి న్యూట్రాన్లను మింగే 14 కాడ్మియం రాడ్లు పైనుంచి తమ బరువుతోనే పడతాయి. అవి పనిచేయకపోతే వేరే గొట్టాల్లోకి, న్యూట్రాన్లను అలాగే మింగే బోరాన్ ద్రావణం ఎక్కుతుంది. ఆపిన అరగంటలోపు మళ్లీ మొదలుపెట్టకపోతే విచ్ఛిత్తి (పరమాణువుల చీలిక) వల్ల ఏర్పడే జెనాన్-135 అనే వాయువు పేరుకుని న్యూట్రాన్లను తినేస్తుంది. అది తగ్గడానికి దాదాపు ఒకటిన్నర రోజు ఆగాలి.

చాలామంది బొమ్మ ఇక్కడే ఆపేస్తారు. కానీ రాడ్లు పడ్డాక కూడా విచ్ఛిత్తి శకలాల (చీలిన యురేనియం ముక్కల) వల్ల, నడిచేటప్పటి వేడిలో మొదట్లో 6 శాతం వరకు వస్తూనే ఉంటుంది. 220 మెగావాట్లు కరెంటు లెక్క, వేడి దానికి మూడు రెట్లకు పైనే కాబట్టి ఈ రియాక్టర్‌లో అది 40 మెగావాట్ల పైమాటే. 2011లో ఫుకుషిమాలో భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు ఆగాయి. తర్వాత సునామీ నీళ్లలో డీజిల్ జనరేటర్లు మునగడంతో ఈ మిగులు వేడి తీసేవాళ్లు లేక ఇంధనం కరిగింది. అందుకని ఆపిన తర్వాత చల్లబరిచే పంపుల్ని, వాటికి కరెంటిచ్చే డీజిల్ జనరేటర్‌ని వరద ఎక్కని ఎత్తులో గీయండి.